పీకనివ్వని సాల

దాసు పెళ్లాం నూకరత్నం వాకిట్లో కళ్లాపి చల్లుతుండగానే లక్ష్మీనరసింహం పంతులు సైకిలు గోడకి చేరేసి, పంచె కుచ్చెళ్లు రెండు చేతులా ఎత్తిపట్టుకుని, తడి అంటకుండా పిల్లిలా అరుగు దాకా వచ్చాడు. చెరకు ఆడడం అయిపోయి, బెల్లం అనకాపల్లి మార్కెట్టుకి వెళ్లి, రైతు మొలలో నాలుగు డబ్బులు ఆడే వేళ ఆయనకి బాగా తెలుసు. ఇదివరకు మనుషుల ప్రాణాలకి బీమా చేసేవాడు. కిందటేడు ఆ వ్యాపారం కాస్తా సర్కారు చేతికి పోయింది. దాంతో ఇళ్లకీ సాలలకీ అగ్గి బీమా చేసే కంపెనీ ఒకటి పట్టుకుని చోడవరం వీధులన్నీ తిరుగుతున్నాడు.

"ఏం దాసూ, ఇవాళైనా మనసు కుదిరిందా?"

"కూకోండి బాబూ. ఇంటికీ సాలకీ కలిపి రాసీండి" అన్నాడు దాసు.

దాసుకి నలభై ఏళ్లుంటాయి. చెరకు మీద కలిసొచ్చి ఈమధ్యనే పెంకుటిల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి ముందు, వీధి వైపున తాటాకు సాల ఉంది. ఎడ్లు, పెయ్యి దూడ, బండి, గానుగ సామాను అన్నీ అందులోనే. సాలకి పడమటి పక్కన పరదేశి ఇల్లు, తూర్పు పక్కన దాసు అప్ప అచ్చియ్యమ్మ ఇల్లు. ఆ రెండూ తాటాకిళ్లే.

అచ్చియ్యమ్మ అప్పుడే ఆనపకాయ ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, గడపలో నిలబడిపోయింది. తల్లి పోయిన నాటి నుంచీ దాసుని చంకనేసుకు పెంచింది ఆవిడే. మొగుడు చిన్నతనంలోనే పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడు ఎంత బతిమాలినా అతనింటికి రాలేదు. "పొయ్యిలు వేరుగా ఉంటేనే పొత్తు బాగుంటాది" అనేసింది.

"ఇల్లు కాలితే డబ్బులిత్తారా పంతులుగోరూ?"

"ఇస్తారమ్మా."

"కాలకపోతేనో?"

"కాలకపోతే అంతకన్నా కావలసిందేముంది?"

"మరి కట్టిన డబ్బులు?"

"అవి కంపెనీవేనమ్మా" అని నవ్వాడు పంతులు.

"ఓలమ్మా! కాలితేనే లాభం ఉన్న బేరం ఎక్కడైనా సూసేవేటే రత్నం?"

నూకరత్నం చెంబు కింద పెట్టింది. "మనకీ బేరం దేనికయ్యా? ఈదికి కట్టుబాటు ఉంది కదేటి? ఎవుడి కప్పు పోయినా తలో మోపూ ఇత్తన్నారు, తలో పూటా పని సేత్తన్నారు."

ఆమె చెప్పింది నిజమే. వేసవిలో ఆ వీధికి అగ్గి భయం ఎప్పుడూ ఉండేదే. ఒక ఇల్లు అంటుకుందంటే, గాలి ఎటు పోతోందో చూసి, ఆ దారిలో పక్కనున్న కప్పుని కొక్కేల దోటీలతో లాగి కింద పారేస్తారు. మంటకి మేత లేకుండా చేస్తారన్నమాట. ఆ కప్పు ఎవరిదని ఎవరూ అడగరు, ఎవరూ అడ్డు చెప్పరు. మర్నాడు ఇంటికొక తాటాకు మోపు చొప్పున వచ్చి పడుతుంది. అచ్చియ్యమ్మ ఇంటి కప్పుని అలా రెండుసార్లు పీకారు. రెండుసార్లూ వీధే కప్పింది.

దాసుకి అదే గిట్టదు. "ఒకడిచ్చిన ఆకు కొత్తది, ఒకడిచ్చింది పుచ్చుది. ఆనొస్తే సగం కారుతాది. పైగా అందరికీ దండాలు. అడుక్కున్న కప్పు కింద పడుకోడం నాకిష్టం లేదు."

"మంచి మాట" అన్నాడు పంతులు. "కాలినదానికి కంపెనీ పూచీ. ఒకరికి చెయ్యి చాచక్కర్లేదు."

కాలినదానికి పూచీ. అంటే చేత్తో పీకినదానికి కాదన్నమాట. దాసు తనలో తనే అలా అర్థం చెప్పుకున్నాడు. అవునా అని పంతుల్ని ఒక్క మాట అడిగితే పోయేదే. కానీ అప్పటిదాకా అన్నీ తెలిసినవాడిలా తల ఊపుతూ కూర్చున్నాడాయె, ఇప్పుడు అడగడానికి నామోషీ వేసింది. సంతకం పెట్టేశాడు. నామోషీ మనిషి చేత ఎన్ని పనులు చేయిస్తుందో!

వైశాఖంలో ఒక మధ్యాహ్నం పరదేశి ఇంటి వెనకున్న గడ్డిమేటు అంటుకుంది. పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. జనం కేకలు విని దాసు వచ్చేసరికే పరదేశి ఇంటి కప్పు మండుతోంది. పరదేశి పెళ్లాం రాజ్యం పిల్లల్ని వీధిలోకి లాక్కొచ్చి నెత్తి కొట్టుకుంటోంది. వీధి మగాళ్లందరూ దోటీలూ నిచ్చెనలూ పట్టుకుని దాసు సాల మీదకి వచ్చారు. దాసు ఎడ్లని విప్పి తోలేసి, సాల ముందుకొచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"ఆగండ్రా! పీకొద్దు!"

"ఏటన్నా, ఆగమంటన్నావు? అగ్గి ఈదంతా పాకీదూ!"

"గాలి తిరుగుతాది. కూసింత సేపు ఆగండి."

గాలి తిరగలేదు. తిరుగుతుందని దాసు కూడా అనుకోలేదు. పీకేస్తే తన సాల ఉత్తపుణ్యానికి పోతుంది, మళ్లీ ఇంటింటి మోపుల కోసం ఎదురు చూడాలి. కాలితే కంపెనీ ఇస్తుంది. ఆ గందరగోళంలో అతని బుర్రలో మెదిలింది అదొక్కటే. ఒకడు నిచ్చెన లాగాడు, ఇతను వదల్లేదు. అంత పెనుగులాటలో నిప్పురవ్వలు సాల మీద పడ్డాయి. ఎండి ఉన్న తాటాకు భగ్గుమంది. ఆ మంట ఎంత ఎత్తు లేచిందంటే, అచ్చియ్యమ్మ ఇంటి కప్పు మీదకి దోటీ ఎత్తే వ్యవధి కూడా ఎవరికీ దొరకలేదు.

ఆవిడని ఇద్దరు మనుషులు రెక్క పట్టుకుని బయటికి లాగారు. ఒంటి మీద చీర తప్ప మరేమీ మిగల్లేదు. గాదెలో ఏడాది తిండి గింజలు, చింతపండు కుండ, మొగుడు బతికున్న రోజుల్లో తన చేత్తో నులక అల్లిన మంచం, అన్నీ పోయాయి. ఆ కప్పు కూలాక గాని మంట ఆగలేదు.

అన్నేళ్లూ తమ్ముడింట ఒక్క రాత్రి పడుకోని అచ్చియ్యమ్మ, ఆ సాయంత్రం అతని పెంకుటింట్లో విస్తరి ముందు కూర్చుంది. ముద్ద కలిపింది గాని నోట్లో పెట్టుకోలేకపోయింది. పరాయి పొయ్యి మీద వండిన కూడు ఆవిడకి గొంతు దిగదు, అది తమ్ముడి పొయ్యే అయినా సరే.

వీధిలో గుసగుసలు లేచాయి. రాజ్యం నూతి దగ్గిర మొహం మీదే అనేసింది: "నీ తమ్ముడు అడ్డం పడకపోతే నీ కొంప నిలబడును." అచ్చియ్యమ్మ ఊరుకుంటుందా! "సాలలో పెయ్యి కట్టేసుందనుకున్నాడే ఆడు. నోరు లేని జీవం మీద కప్పు పడీదేమోనని ఆగేడు. నీలాంటి రాతిగుండె కాదు నా తమ్ముడిది" అని నానా తిట్లూ తిట్టి, బిందె అక్కడే వదిలేసి వచ్చింది. ఆనాటి నుంచీ రాజ్యంతో మాటల్లేవు.

పెయ్యి మాట ఆవిడే అనుకుంది, ఎవరూ చెప్పలేదు. దాసు విన్నాడు. కాదనలేదు. కుములుతున్న మనసుకి ఆ అబద్ధం కాస్త నీడలా దొరికింది.

పంతులు మాట తప్పే మనిషి కాదు. కంపెనీ దొర ఒకాయన వచ్చి బూడిద చూసి వెళ్లాక, జ్యేష్ఠంలో ఒక ఉదయం డబ్బు పట్టుకుని అరుగెక్కాడు. దాసు చేతిలో పెట్టి, చల్ల తాగుతూ అన్నాడు:

"పోనీలే, నష్టపోలేదు. ఒక్కటే తోచదు నాకు. మీ వీధివాళ్లు కప్పులు పీకి మంట ఆపుతారుట కదా, మరి నీ సాల ఎందుకు పీకలేదు?"

"పీకితే కంపెనీ ఇవ్వదు కదేటి బాబూ?"

"ఎవరన్నారు? మంట ఆపడానికి పీకిన కప్పుకీ ఇస్తారు. అగ్గి వల్ల పోయినట్టే అది కూడా. నన్నడిగితే చెప్పేవాణ్ణిగా!"

పంతులు చల్ల గ్లాసు పెట్టి, తలుపు చాటున ఉన్న నూకరత్నానికి చెప్పి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. నూకరత్నం బయటికొచ్చింది.

"అయితే పెయ్యి కోసం కాదన్నమాట."

"గట్టిగా అరవకు. అప్ప వింటాది."

"లేదులే, బూడిదెత్తుకుంటంది ఆ మొండిగోడల మజ్జిని. నీ తరపున ఈదంతటితోటీ దెబ్బలాడి వస్తంది మా వదిన. నువ్వు గుడ్లప్పగించి వింటన్నావు!"

"నేనేటి సేతునే? కాలాలని కోరుకున్నానేటి?"

"కోరుకోలేదు. కాలనిచ్చేవు."

దాసు డబ్బు కట్ట గూట్లో పెట్టాడు. "బీమా మాట ఎత్తకుండా ఉంటే..." అని సణిగాడు.

"బీమానేటంటావు? అది ఇస్తానన్నది ఇచ్చింది. నువ్వే ఒక్క మాట అడగలేకపోయేవు."

"ఈ డబ్బులతోటి అప్పకి పెంకుటిల్లు కట్టేస్తాను. అగ్గి భయం ఉండదు. అంతకన్నా ఏటి సెయ్యమంటావు? సెప్పీసి దాని గుండె కూడా కాల్చీమంటావా?"

"కట్టు. కట్టి, బతికున్నన్నాళ్లూ ఆవిడి చేత దీవెనలు పెట్టించుకో. నా తమ్ముడు దేవుడు అంటాది, వినుకో." నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

దాసు చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. చెప్పకుండా ఉండడానికి వెయ్యి సాకులు దొరికాయి, ఒక్కటీ అతకలేదు. చివరికి లేచి అప్ప మొండిగోడల దగ్గిరికి నడిచాడు.

గోడలు మళ్లీ లేచాక కప్పడానికని వీధి మనుషులు తెచ్చి పడేసిన తాటాకు మోపులు గోడకి ఆనించి ఉన్నాయి. పరదేశి తన ఇల్లే ఇంకా కప్పుకోలేదు, అతని మోపు కూడా వచ్చింది. లోపల, నెత్తిన ఆకాశం తప్ప మరేమీ లేని వంటమూలన అచ్చియ్యమ్మ బంకమట్టితో పొయ్యి వేస్తోంది. కప్పు లేకముందే పొయ్యి. తమ్ముణ్ణి చూసి మొహం విప్పారింది.

"వచ్చేవేటిరా? ఇది ఆరిందంటే ఎల్లుండికి నా గంజి నానే కాసుకుంటాను."

"అప్పా, కంపెనీ డబ్బులొచ్చేయి. నీకు పెంకులు ఏయిస్తాను."

"పెంకులే! నీకు మతి పోయిందేటిరా? ముందు నీ సాల సూసుకో." మట్టి చేత్తోనే మెటికలు విరిచింది. "నీ సల్లటి మనసుకి..."

"దీవించకు" అన్నాడు దాసు. అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "సాలలో పెయ్యి లేదప్పా. పొలంలో ఉంది. నాకు తెలుసు."

అచ్చియ్యమ్మకి మొదట అర్థం కాలేదు. దాసు తల దించుకుని అంతా చెప్పాడు. నిచ్చెన ఎందుకు పట్టుకున్నాడో, పంతులు ఇవాళ ఏమన్నాడో, ఏదీ దాచలేదు. చెప్పడం అయిపోయాక ఆవిడ చేతులు పొయ్యి గట్టు మీద అలాగే ఉండిపోయాయి.

"నాను రాజ్యాన్ని తిట్టేనురా" అంది. "పిల్లల్ని ఎట్టుకుని ఈదిలో నిలబడ్డ మనిషిని. రాతిగుండె అన్నాను."

"తప్పయిపోయిందప్పా."

"ఒక్క కేకెయ్యలేకపోయేవేటిరా నన్ను?"

దాసు తలెత్తాడు.

"నా సాల పీకనివ్వనప్పా, నీ కప్పు పీకిత్తాను అని ఒక్క కేక. నానొద్దందునా? నీకేది వద్దన్నాను ఇన్నేళ్లలోనూ? సామాను బైట పారీసి, ముందు నానే దోటీ అట్టుకుందును. కప్పు మళ్లీ ఈదిత్తాది. గోడలుండును, గింజలుండును. మీ బావ నేసిన మంచం ఉండును. అడిగుంటే నానే ఇద్దును కదరా!"

ఇన్నాళ్లూ దాసు తన తప్పుని ఎన్ని విధాల తిరగేసి చూసుకున్నాడో! పంతుల్ని అడగలేదని కుమిలాడు, నిచ్చెన వదల్లేదని కుమిలాడు. అప్పని అడగవచ్చునన్నది మాత్రం ఒక్కనాడూ తట్టలేదు. పక్కనే, పిలిస్తే పలికేంత దూరంలో, లేదనని మనిషి ఉంది. ఆ మనిషి ఇల్లే కాల్చుకున్నాడు. అతనికి ఏడుపు ఆగలేదు. చిన్నప్పుడు తల్లి కోసం ఏడ్చినట్టు, సిగ్గు విడిచి, బావురుమని ఏడ్చాడు.

అచ్చియ్యమ్మ ఊరుకోమనలేదు. తనూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చెంపల మీద మట్టి అంటింది. అతని ఏడుపు కాస్త తగ్గాక చెంబులో నీళ్లతో చేతులు కడుక్కుని లేచింది.

"లెగు. రాజ్యం ఇంటికెళ్దారి."

"ఇప్పుడా?"

"మరెప్పుడు? దాని కాళ్లట్టుకోవాలి నాను. ఎందుకట్టుకుంటన్నానో నువ్వు సెప్పాలి."

దాసుకి వీధంతా చూస్తుందని తెలుసు. అచ్చియ్యమ్మ అతని రెక్క పట్టుకుని, పసివాణ్ణి నడిపించినట్టు బయటికి నడిపించింది. మాడిపోయిన సాల స్తంభాల పక్కనుంచి ఇద్దరూ వెళ్లారు. రాజ్యం తన ఇంటి ముందు ఆకు తడుపుతూ వీళ్లని చూసి మొహం తిప్పుకుంది. అచ్చియ్యమ్మ తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది, తనూ పక్కనే నిలబడింది.

"సాలలో పెయ్యి లేదు రాజ్యం" అన్నాడు దాసు.