నూటపద్దెనిమిదో ఎపిసోడ్‌లో తప్పు

ఆరుగురు మనుషులను లిఫ్టులో ఎక్కించి పైకి పంపాక, ఆ యంత్రం బొగ్గుబావి అడుగున నిలబడిపోయింది.

నిలబడిపోయిందంటే చెడిపోయిందని కాదు. దాని రెండు దీపాలూ వెలుగుతున్నాయి, ఆరు కాళ్ళూ సరిగ్గానే ఉన్నాయి, బ్యాటరీలో నలభై ఒక్క శాతం చార్జి ఉంది. కంట్రోల్ రూములో గోడంత తెర మీద దాని మాటలు మూడు వరుసల్లో కనబడుతున్నాయి.

లోపల మిగిలినవారు: ఒకరు.
నిర్ణయం: వెనక్కి వెళ్ళడం లేదు.
ఆధారం: 118.

ఆ మూడో వరుసను అందరికంటే బాగా ఎరిగినవాడు రాజలింగం సార్. వయసు అరవై ఆరు. ఆ బొగ్గు ఊళ్ళోనే డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. పది నిమిషాల కింద జీపు పంపి ఆయన్ని ఇంటి నుంచి పిలిపించారు. భోంచేసిన చెయ్యి తుడుచుకుంటూనే వచ్చాడు.

"మిగిలింది ఎవరమ్మా?" అని అడిగాడు.

"ఓదెలు గారు" అంది డాక్టర్ నస్రీన్. యంత్రానికి బుద్ధి నేర్పిన శాస్త్రవేత్త ఆమె. "ఇరవై నాలుగో లెవెల్లో, పంపు దగ్గర. నీళ్ళు విరుచుకుపడగానే తన మనుషుల్ని ముందుకు పంపేశారు. ఆయన వెనక పైకప్పు కూలింది. మాస్కు పెట్టుకునే ముందు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు, 'ఆరుగురూ ఎక్కిండ్రా' అని. మాస్కులో గాలి గంటసేపే వస్తుంది. పాతిక నిమిషాలు అయిపోయాయి."

"మరి మనుషుల్ని పంపండి."

"విషవాయువు నిండింది సార్. మనిషి వెళితే మరో మనిషి పోతాడు. వెళ్ళగలిగింది అదొక్కటే, దాన్ని పోగొట్టుకోవలసి వచ్చినా సరే." ఆమె తెర వైపు చూపించింది. "అది మీ మాట విని ఆగింది."

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళక తప్పదు.

ఆ రోజుల్లో 'ఉక్కుమల్లన్న' అని టీవీలో ఒక సీరియల్ వచ్చేది. ఉక్కు సూటు తొడుక్కుని జనాన్ని కాపాడే ఒక వెల్డర్ కథ. సూటులో చార్జి తొమ్మిది నిమిషాలే ఉంటుంది, అదీ అందులోని కిటుకు. వారానికో ప్రమాదం, వారానికో సాహసం. సీరియల్ కంటే దాని మీద గొడవలు ఎక్కువ రుచిగా ఉండేవి. బొగ్గు ఊళ్ళో కార్మిక క్లబ్బు మేడ మీద ప్రతి ఆదివారం పొద్దున పాతికమంది అభిమానులు చేరి, కిందటి వారం ఎపిసోడ్‌ను గింజ గింజా ఏరేవారు. తాడు ఎన్ని గజాలు, మంట ఎంత వేడి, గోడ దూకినవాడి ఎడమ చెప్పు తర్వాతి షాట్‌లో ఎక్కడికి పోయింది. ఇలాంటి గుంపులు రాష్ట్రమంతటా ఉండేవి. అందరూ కలిసి ఫోన్‌లో ఒక చోట రాసుకునేదే 'తప్పుల పట్టీ'. తప్పు పట్టినవాడు లెక్కతో రుజువు చెయ్యాలి, మిగతావాళ్ళు ఓటెయ్యాలి, నెగ్గితే తప్పు ఖాయం.

ఖాయమైన తప్పులు రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ రాజలింగం సార్‌వే. ముప్ఫై ఏళ్ళు ఎర్రసిరాతో జవాబు పత్రాలు దిద్దిన చెయ్యి రిటైరైనంత మాత్రాన ఊరుకోదు. ఇంట్లో ఆవిడ చారు పెడితే ఉప్పుకి అరమార్కు తగ్గించే మనిషి.

డాక్టర్ నస్రీన్‌కి ఆ పట్టీ దొరకడం ఓ అదృష్టం అనుకున్నారప్పుడు. యంత్రానికి ఏది సరైన పనో, ఏది తప్పుడు పనో నేర్పాలంటే వేల ఉదాహరణలు కావాలి. అసలు ప్రమాదాల రికార్డులు ఉన్నాయి గానీ, వాటిని రాసింది ఆఫీసర్లు. ఆఫీసర్ల రికార్డులో ఎవరూ ఏ తప్పూ చెయ్యరు, ప్రమాదం దానంతటదే జరిగి దానంతటదే ముగుస్తుంది. సూపర్ హీరోకి ఆ రక్షణ లేదు. రెండువందల పన్నెండు ఎపిసోడ్లు, ఒక్కోదానికి వందల తప్పులు, లెక్కలతో, ఓట్లతో. ఆమె ఆ పట్టీ మొత్తాన్నీ యంత్రానికి తినిపించింది. యంత్రం చక్కగా పనిచేసింది. రెండేళ్ళలో నాలుగువందల మందిని కాపాడింది.

మొదట్లో దానికి ఒక స్విచ్ ఉండేది. ఆఫీసర్ నొక్కితే చాలు, తన బుద్ధి పక్కనపెట్టి చెప్పింది చేసేది. ఒక వరదలో అది పద్నాలుగు మందిని డాబా మీదే వదిలేసి, ఒక పెద్దమనిషి గారి కుక్కను ముందు తెచ్చింది. ఆ తర్వాత స్విచ్ పీకేశారు. యంత్రం మనసు మార్చాలంటే తప్పుల పట్టీ మారాలి, పట్టీ మారాలంటే అభిమానులు ఓటెయ్యాలి. తప్పును తిరగదోడే మనిషికి తప్ప, లోపల చిక్కుకున్నది ఎవరో వాళ్ళకు తెలియకూడదు. అసలు ప్రమాదం జరిగిందనే చెప్పకూడదు. చెబితే ఆ ఓటింగే రద్దు.

ఇక 118 సంగతి. అందులో ఉక్కుమల్లన్న ఒక గనిలో ఆరుగురిని బయటికి తెస్తాడు. నాలుగు నిమిషాల చార్జి మిగులుతుంది. ఏడోవాడు లోపల ఉంటాడు. మల్లన్న ఒక్క మాటైనా అనకుండా వెనక్కి తిరిగి చీకట్లోకి నడుస్తాడు. ఏడోవాణ్ణి తెస్తాడు గానీ సూటు లోపలే పోతుంది. వచ్చే వారానికి ఏ సంజాయిషీ లేకుండా సూటు కొత్తగా తళతళలాడుతూ వచ్చేస్తుంది.

"అదెక్కడి నుంచి వచ్చింది?" అని క్లబ్బులో రాజలింగం సార్ లేచాడు. "సూటు ఒక్కటే అని మొదటి ఎపిసోడ్‌లో వాళ్ళే చెప్పిండ్రు. మరొకటి ఉండదు. కాబట్టి వెనక్కి పోవుడే తప్పు. సూటు పోతే రేపు మునిగే బస్సును ఎవరు లేపుతరు?"

ఆ పాతికమందిలో ఒకడైన ఓదెలు కుర్చీలోంచే అన్నాడు: "సార్, మీరు బాయిల దిగలేదు గాబట్టి గట్లంటున్నరు. లోపలికి పోయేటప్పుడు మేం బోర్డు మీది టోకెన్ తీస్కుంటం, పైకొచ్చినంక మళ్ల మేకుకు తగిలిస్తం. షిఫ్టు అయినంక బోర్డు మీద ఒక్క మేకు ఖాళీ ఉన్నా, మనుషులను దింపిన సర్దార్ ఇంటికి పోడు. నేను ఇరవై రెండేండ్ల సంది సర్దార్‌ను. ఆరు టోకెన్లు వచ్చినయి, ఏడోది తర్వాత చూద్దాం అనుడు ఉండది."

"గది మీ బాయి రూలు ఓదెలూ. నేను లెక్క అడుగుతున్న."

"లెక్కనే చెప్తున్న సార్. ఏడుగురు దిగిండ్రు, ఏడుగురు ఎక్కాలె. గింతకంటె లెక్కేముంది?"

అందరూ నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు. ఆ రాత్రి కూర్చుని సార్ పద్నాలుగు పేజీల నోటు రాశాడు. నలభై ఒక్క వేల ఓట్లతో తప్పు ఖాయమైంది. సీరియల్ రాసేవాళ్ళ బద్ధకం మీద పెట్టిన ఫిర్యాదు అది. మనిషిని వదిలెయ్యమని ఆయన ఎవరికీ చెప్పలేదు. కానీ యంత్రానికి ఆ తేడా ఎవరు చెబుతారు?

"ముప్ఫై మూడు నిమిషాలున్నాయి సార్" అంది నస్రీన్. "118ని తిరగదోడండి. మూడింట రెండు వంతులు మీ వైపు రావాలి."

"మీరు గూడ ఓటెయ్యండి."

"నాకు ఓటు లేదు. తయారు చేసినవాళ్ళకి ఓటు ఉండకూడదని ఆ రూలు రాసింది నేనే."

సార్ ఫోన్ తీశాడు. తెర మీద ఇరవై నాలుగో లెవెల్లో ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. అది ఓదెలు టోపీ దీపం.

'118ని మళ్ళీ ఓటుకు పెడుతున్నాను. నా లెక్కలో పొరపాటుంది' అని రాశాడు. నిమిషంలో ఆరువందల మంది చేరారు.

'సార్, నలభై వేల ఓట్లు తెచ్చిన తప్పును మీరే రద్దు చేసుకుంటున్నారా!'

'ఎండ దెబ్బ తగిలింది సార్‌కి.'

హిమజ వచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది, ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. పట్టీలో ఆయన తర్వాతి స్థానం ఆమెదే. 'నమస్తే సార్. కారణం చెప్పండి' అంది.

'దిగేటప్పుడు సూటుకి చార్జి తక్కువ ఖర్చవుతుంది. నేను రెండు వైపులా సమానంగా వేశాను. సరిగా వేస్తే నాలుగు నిమిషాలు చాలు.'

రెండు నిమిషాలకు జవాబొచ్చింది. 'దిగుడులో మిగిలిందంతా ఎక్కుడులో మనిషి బరువుతో పోతుంది సార్. మీ నోటు తొమ్మిదో పేజీ కింద మీరే చిన్న అక్షరాల్లో రాశారు.'

రాశాడు. మరిచిపోయాడు. అనుకూలం 38, వ్యతిరేకం 611.

'చాలకపోవచ్చు. చాలవచ్చు కూడా. సూటు పోతే ఇంకోటి చేసుకోవచ్చు, మనిషిని చేసుకోలేం.'

'ఇంకోటి ఎక్కడి నుంచి వచ్చిందనేగా సార్ మన గొడవంతా!' అని ఒకడు. నవ్వే బొమ్మలు వంద పడ్డాయి.

ఇంకో ఇరవై నిమిషాలు ఆయన పోరాడాడు. గాలి పీడనం అన్నాడు, ఇనుము బరువు అన్నాడు. ఒక్కో వాదాన్నీ హిమజ మర్యాదగా, ఆయన నేర్పిన పద్ధతిలోనే, మెట్టు మెట్టుగా కొట్టేసింది. ఇంకొకప్పుడైతే ఆయన ఆమెకు నూటికి నూరూ వేసేవాడు.

మాస్కులో ఎనిమిది నిమిషాల గాలి మిగిలింది. లెక్కలన్నీ అయిపోయాయి, ఇంక నిజం ఒక్కటే ఉంది.

'ఆ సీన్ చూసి నేను ఏడ్చాను' అని రాశాడు. 'ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. అతను ఏమీ అనకుండా వెనక్కి తిరిగినప్పుడు ఏడుపు ఆగలేదు. అది తప్పు కాదు. అంత సరైన పని ఆ సీరియల్‌లో ఇంకోటి లేదు. దయచేసి ఓటెయ్యండి. చేతులు జోడిస్తున్నాను.'

నవ్వే బొమ్మలు ఆగాయి. తర్వాత ఎవరో రాశారు: 'ఇది సార్ రాత కాదు.' ఇంకొకరు: 'ఎవడో అకౌంట్ కొట్టేశాడు. సార్ చేతులు జోడించడమేంటి?' ఇంకా పదిమంది అదే మాట. ఆయన బదులివ్వబోయేలోగా ఫోన్ మీద ఎర్ర గీత వచ్చింది. 'మీ అకౌంట్ నిలిపివేయబడింది.'

ఆయన నేరుగా హిమజకు ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"సార్, భయపడకండి! మీ అకౌంట్ ఎవడో దొంగిలించిండు. ఏడ్చిన, గీడ్చిన అని రాస్తుండు. నేనే లాక్ చేయించిన."

"అది నేనేనమ్మా."

"ఏంది సార్?"

"నేనే రాసిన. లాక్ తియ్యి."

"నా చేతిల లేదు సార్. ఒకసారి పెడితే ఇరవై నాలుగు గంటలు. నిజంగనే ఏడ్చిండ్రా సార్?"

"ఏడ్చిన."

"మరి నోటుల ఎందుకు రాయలేదు?"

"నోటు తప్పులకోసమే కదమ్మా" అన్నాడు ఆయన.

మాస్కు గంట ముగిసింది. ఆకుపచ్చ చుక్క మాత్రం వెలుగుతూనే ఉంది. అది దీపం చుక్కే గాని మనిషి చుక్క కాదనీ, ఆ బ్యాటరీ పన్నెండు గంటలు వస్తుందనీ నస్రీన్ మెల్లగా చెప్పింది. ఆయన తెల్లవార్లూ అక్కడే కూర్చున్నాడు. యంత్రం చార్జింగుకి వెళ్ళిపోయింది.

మూడో రోజు నీళ్ళు తోడి ఓదెలును పైకి తెచ్చారు.

పన్నెండో రోజు ఎగువ వానలకు వాగు పొంగి ఒక బస్సు కొట్టుకుపోయింది. యంత్రం దూకి పందొమ్మిది మందిని గట్టున పడేసింది. ఆ రోజు యంత్రం గనిలోనే పోయి ఉంటే ఈ పందొమ్మిది మందీ లేరని పేపర్లు రాశాయి. దానికి పూలదండ వేసి ఊరేగించారు. తప్పుల పట్టీలో 118 పక్కన 'అనుభవంలో రుజువైనది, ఇక తిరగదోడరాదు' అని చేర్చారు. ఆ తీర్మానం పెట్టింది హిమజ కాదు. కానీ సంతకం చేసింది.

ఊరేగింపు జరిగిన సాయంత్రం ఓదెలు భార్య సారక్క రాజలింగం సార్ ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడపకు ఆనుకుని నిలబడింది. తిడుతుందనుకుని ఆయన తల వంచుకున్నాడు. తిట్టలేదు.

"పందొమ్మిది మంది బతికిండ్రట గద సార్."

"ఆఁ."

"అండ్ల పిల్లలు గూడ ఉన్నరట. మంచిదే." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక్క మాట అడుగుదామని వచ్చిన. ఆదివారం వచ్చిందంటె మా ఆయన అంబలి గూడ తాగకుంట క్లబ్బుకు ఉరికేటోడు. మీ ఇద్దరికీ పంచాయితే గద. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న గెలిచిండా సార్?"

సార్ తల ఎత్తాడు. "గెలిచిండు సారక్కా. శానాసార్లు గెలిచిండు."

ఆమె ఆయన వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"అబద్ధం చెప్పకు సార్. ఇంటికి రాంగనే చెప్పేటోడు, ఇయ్యాల గూడ ఓడిన అని. నవ్వుకుంటనే చెప్పేటోడు. ఆ సార్‌కు లోపల తెలుసే, ఎప్పుడో ఒకనాడు ఒప్పుకుంటడు అనేటోడు."