వేపుడు మాస్టరూ, తనిఖీ మేడమూ

“తమ్ముడూ, నీ సఖి వచ్చింది!”

గిన్నెలు కడిగే అక్క, అక్కడ అందరికీ అక్కే, కౌంటరు కిటికీలోంచి వేసిన కేక వేపుడు మాస్టర్ చెవికి అలాగే చేరింది. చేతిలోని ఆలూ ముక్కల బాస్కెట్ నూనె మీద గాల్లోనే ఆగిపోయింది.

ఆ ఫాస్ట్‌ఫుడ్ వంటింట్లో పొద్దస్తమానం ఫ్రయ్యర్ ముందు నిలబడి వేయించడమే అతని పని. అందుకే అందరికీ అతను వేపుడు మాస్టర్. పేరుకే వేపుడు గానీ ఎవరినీ వేపుకుతినే రకం కాదు. వేపుకుతినడానికైనా ఒక మనిషంటూ ఉండాలిగా! వెనకాముందూ ఎవరూ లేనివాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి సఖి ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది?

అయినా ఆశ చెడ్డది. టోపీ కింద జుట్టు సర్దుకుని, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని బయటికొచ్చాడు.

కౌంటరు పక్కన ఒకామె నిలబడి ఉంది. తడిసిన రెయిన్‌కోటు, లావుపాటి బూట్లు, చేతిలో టార్చి. టార్చి ఇంకా వెలిగించలేదు. కళ్లు మాత్రం వెలుగుతున్నాయి.

“నాకోసమా అండీ?”

“ఫ్రయ్యర్ చూసేది మీరేనా?”

“నేనే.”

“అయితే మీకోసమే. పదండి లోపలికి.”

పరిచయమైనా కాకుండా లోపలికా అని బిత్తరపోయాడు. ఆమె తిన్నగా వంటింట్లోకి వెళ్లి, ఫ్రయ్యర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, కిందకి టార్చి వేసింది.

“నేలంతా నూనె. కాలు జారితే చెయ్యి ఎక్కడికి పోతుంది? తిన్నగా మరుగుతున్న నూనెలోకి. రబ్బరు మ్యాట్ ఏదీ?”

అప్పుడు గానీ సంగతి బుర్రకెక్కలేదు. వచ్చింది సఖి కాదు, తనిఖీ. పనిచేసేవాళ్ల భద్రత చూసే ఇన్‌స్పెక్టర్.

తప్పు చెవిది కాదు, ఎగ్జాస్ట్ ఫ్యానుది. బేరింగు అరిగి, పెళ్లికి పిలవని చుట్టంలా ఒకటే అరుపు.

“ఎప్పట్నుంచి ఇలా అరుస్తోంది?” ఆమె కూడా అరవాల్సి వచ్చింది.

“నేను చేరినప్పట్నుంచీ అండీ. అలవాటైపోయింది.”

“అలవాటవడమే ప్రమాదం. వేడి నూనె పట్టుకుని ఎవరైనా మీ వెనక నుంచి వెళితే ఎలా తెలుస్తుంది?”

“‘వెనక!’ అంటారండీ. అది మా వంటింటి రూలు. ఆ మాట విన్నవాడు కదలకూడదు.”

“వినబడితే కదా, కదలకుండా ఉండడానికి!”

అతనికి నవ్వొచ్చింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

మంటలార్పే దుప్పటి డబ్బాల చాటున ఉందనీ, వెనక తలుపుకి అట్టపెట్టెలు అడ్డమున్నాయనీ ఆమె చెబుతుంటే మేనేజరుకి చెమటలు పట్టాయి. ఆమె లోపాలన్నీ చూసింది. మనిషి లోపల ఏముందో మాత్రం ఏ టార్చికీ కనబడదు.

“వారం తర్వాత వస్తాను. అన్నీ సరిగ్గా ఉంటే ఏడాది దాకా నా మొహం మీకు కనబడదు,” అంది.

మేనేజరు మొహం వెలిగింది. వేపుడు మాస్టర్ మాత్రం, నేల ఎలాగూ జారుడే కదా, నోరు జారాడు.

“మళ్లీ రండి.”

ఆమె గుమ్మంలో ఆగింది. “ఏమన్నారు?”

“మళ్లీ రండి అన్నానండీ.”

“నాతో ఎవరూ అనని మాట అది. అందరూ మళ్లీ ఎప్పుడొస్తారనే అడుగుతారు. అదీ వణుకుతూ.”

బయట వాన ఆగలేదు. ఆమె పక్కకొట్టు చూరు కింద స్కూటరు ఆపుకుని, డబ్బా తెరిచి, నిలబడే తింటోంది. వాన అడ్డంగా కొట్టినప్పుడల్లా డబ్బాకి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

“పాపం, తనిఖీ చేసిన చోట ఏమీ తినకూడదట,” అంది అక్క. “ఊళ్లో వంటిళ్లన్నీ చూస్తుంది. ఒక్కచోటా కూర్చుని తినదు.”

ఆ సాయంత్రం అతను తన ఒంటిగదిలో స్నానానికి నీళ్లు కాచుకున్నాడు. గిన్నె పట్టుకుని మంచం పక్కనుంచి వెళుతూ అలవాటు కొద్దీ “వెనక!” అన్నాడు. గోడ కదలలేదు. రూలు ప్రకారం చూస్తే గోడంత మంచి ఉద్యోగి లేదు. నవ్వుకుందామనుకున్నాడు. నవ్వు రాలేదు. నీళ్లు చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు.

వారంలో మ్యాట్ వచ్చింది, తలుపు ముందు పెట్టెలు పోయాయి, ఫ్యాను నోరు మూసింది. వంటిల్లంతా నిశ్శబ్దం. ఎవరు నిట్టూర్చినా అందరికీ వినబడుతోంది. ఒక్క లోపమూ లేదు. అంటే, ఆమె ఇక ఏడాది దాకా రాదు!

కొక్కేనికి మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ వేలాడుతున్నాయి. అటూ ఇటూ చూసి, వాటిని తీసి తన లాకర్లో కుక్కేశాడు.

ఆమె వచ్చింది. అన్నీ చూసి ఖాళీ కొక్కెం దగ్గర ఆగింది.

“గ్లవ్స్ ఏవీ?”

“కనబడ్డం లేదండీ.”

ఆమె అతన్ని చూసింది. లాకర్ల వైపు చూసింది. “సరే. ఇంకో వారం,” అంది. ఆ గొంతులో కోపం లేదని అతనొక్కడే గమనించాడు.

“మూడోసారీ లోపముంటే షాపు మూయిస్తారయ్యా!” అని మేనేజరు తల పట్టుకున్నాడు.

వెంటనే తీసి పెడితే దొరికిపోతాడు. రేపు పెడదాంలే అనుకున్నాడు. ఆ రేపు జనం విరగబడ్డారు. సాయానికి వచ్చిన అక్క వేడి బాస్కెట్ ఎత్తబోతూ కొక్కెం తడిమింది. గ్లవ్స్ లేవు. చేతికందిన తడిగుడ్డతో పట్టుకుంది. గుడ్డలోని తడి ఆవిరై వేళ్లు బొబ్బలెక్కాయి.

అతను ఆమె చేతిని కుళాయి కింద పెట్టి నిలబడ్డాడు.

“నువ్వెందుకురా ఏడుస్తావ్? నీ తప్పేముంది?” అంది అక్క.

నూనె ఇన్నేళ్లలో అతన్ని అంతలా కాల్చలేదు.

మూడో తనిఖీకి మేనేజరు కొత్త గ్లవ్స్ తగిలించాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం అక్క వేళ్ల కట్టు దగ్గరే ఆగిపోయింది.

“ఇదేంటి?”

“పాత గ్లవ్స్ పోగొట్టింది ఈవిడే మేడం,” అన్నాడు మేనేజరు. “రేపట్నుంచి రావద్దని చెప్పేశాం. ఇక లోపమే లేదు.”

అక్క తల దించుకుంది. అదివరకు ఆమె తల దించడం అతనెప్పుడూ చూడలేదు. నిజం చెబితే తన పని పోతుంది, ఇన్‌స్పెక్టరు మొహం చూడడమూ పోతుంది, పోనీ అనుకున్నాడు.

“లోపం అక్క కాదండీ, నేను,” అన్నాడు. “గ్లవ్స్ నేనే దాచాను. అన్నీ సరిగ్గా ఉంటే మీరు రారు కదా అని.”

చిన్నగానే అన్నాడు. పాత ఫ్యానయితే మింగేసేది. ఇప్పుడు బర్గర్లు కట్టేవాళ్ల దాకా అందరికీ వినబడింది.

ఇన్‌స్పెక్టరు టార్చి బల్ల మీద పెట్టింది.

“ఆ రోజు మీ లాకరు సందులోంచి గ్లవ్ వేలు బయటికి కనిపించింది. నేను చూశాను. తలుపు తీయమని అడగలేదు. నాకూ ఇంకోసారి రావాలనిపించింది.” అక్క వైపు తిరిగింది. “మీ చెయ్యి కాలడంలో సగం నాదీ ఉంది. నన్ను క్షమించండి. ఇదంతా మా ఆఫీసులో చెప్పేస్తాను. ఇకమీదట ఇక్కడికి వేరేవాళ్లు తనిఖీకి వస్తారు.”

“నేను మానేస్తానక్కా,” అన్నాడు అతను.

“నువ్వు మానేస్తే నా వేళ్లు మానతాయా? అవి మానేదాకా నా గిన్నెలన్నీ కడుగు. అదీ శిక్ష.” మేనేజరు వైపు చూసింది. “నేను రేపు వస్తున్నాను. ఏమంటారు?”

“రామ్మా, నీకు పుణ్యముంటుంది,” అన్నాడు మేనేజరు. “ఎవరైనా నాకు మొదట్నుంచీ చెబుతారా? బుర్ర వేగిపోతోంది.”

“మొదలంటే...” వేపుడు మాస్టర్ నీళ్లు నమిలాడు. “మొదటి రోజు అక్క కేక వేసింది కదా. ఫ్యాను గోలలో నాకది ‘నీ సఖి వచ్చింది’ అని వినబడింది.”

“ఓరి నీ చెవులు! ‘తనిఖీ వచ్చింది’ అన్నానురా!”

వంటిల్లంతా ఘొల్లుమంది. ఇన్‌స్పెక్టరు నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

“అందుకా ‘నాకోసమా’ అన్నారు?”

“ఊఁ.” ధైర్యం చేశాడు. “ఇప్పుడు మళ్లీ రండి అనకూడదా అండీ?”

“అనండి. తనిఖీ లేదు కాబట్టి ఇక్కడ కూర్చుని తినొచ్చు. రేపు కౌంటరు వైపు నుంచి వస్తాను.”

ఫ్రయ్యర్‌కీ గోడకీ మధ్య దారి ఇరుకు. టార్చి తీసుకుని, అతన్ని దాటబోతూ, ఆమె మెల్లగా అంది.

“వెనక.”

రూలు ప్రకారం అతను కదలలేదు.