అలే లే బ్లూ అంటే కాల్చెయ్

"ఇంజినీర్ పిచ్చేశ్వరరావు గారు ఈ సాయంత్రం చావకూడదు. అర్థమైందా?"

బందరు సేఫ్ హౌస్‌లో చీఫ్ కనకరత్నం గొంతు కటువుగా ఉంది. ఏజెంట్ వీరేంద్ర తలూపాడు. పాలకాయతిప్ప దగ్గర సముద్రం మీద నిఘాకి రాడార్ కట్టబోతున్న మనిషి ఆయన. ఆయన పోతే ఆ రాడార్ లేనట్టే.

"ఇంట్లోనే ఉండమంటే సరిపోదా మేడమ్?"

"గుడివాడలో మనవాళ్ళకీ ఫ్రాన్స్ టీమ్‌కీ కబడ్డీ. చావనైనా చస్తాను గానీ మ్యాచ్ మానను అన్నారయ్యా!"

విదేశీ ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ తనూజ కబురు పంపింది. జనంలో ఒక షూటర్ ఉంటాడు. వాడి ముఖం ఆమెకీ తెలీదు. ముఠా నాయకుడు మార్సెల్ ఫ్రెంచి అభిమానిలా కేకలేస్తాడు. 'అలే లే బ్లూ' అంటే కాల్చెయ్. 'తూస్ ఆన్సాంబ్ల్' అంటే ఆపేసి పారిపో.

సాయంత్రానికి వీరేంద్ర గళ్ళ లుంగీతో సోడాబండి వెనక నిలబడ్డాడు. చెవిలో వైర్‌లెస్, దాన్ని కప్పుతూ తలకి తువ్వాలు. వేల ముఖాలు. వీటిలో ఏది? ముందు వరసలో ఇంజినీరు గారు నిశ్చింతగా పల్లీలు నములుతున్నారు. ఆయన్ని చూస్తే ఒళ్ళు మండింది. వేదిక మీద తనూజ, పట్టుచీరలో ధగధగలాడుతూ, టీమ్ ఇంటర్‌ప్రెటర్ వేషంలో. పక్కనే మార్సెల్.

ఫ్రాన్స్ ఓడిపోతోంది. మైకు దగ్గరున్న వ్యాఖ్యాత సుబ్బారావుకి మనసొప్పలేదు.

"పాపం, అంత దూరం నుంచొచ్చారండీ! ఉత్తచేతుల్తో పంపిస్తామా? వాళ్ళ భాషలోనే అరుద్దాం! ఏవనాలో చెప్పండమ్మా!" అని మైకు తనూజ చేతికిచ్చాడు.

మార్సెల్ ముసిముసిగా నవ్వాడు. "వీళ్ళ చేతే అనిపించు. అలే లే బ్లూ."

తనూజ మైకు నోటి దగ్గర పెట్టుకుంది. మాట తప్పితే ముఠా బతకనివ్వదు. అయినా సరే, అక్కడ పల్లీలు తింటున్న పెద్దాయన బతకాలి.

"తూస్ ఆన్సాంబ్ల్! అంటే, అందరూ కలిసి!"

జనమంతా అదే అరుపు అందుకుంటే స్టేడియం దద్దరిల్లింది. మార్సెల్ ఎగిరి లేచి 'అలే లే బ్లూ' అని గొంతు చించుకున్నాడు. పక్కవాడికే వినపడలేదు.

చివరి రెయిడ్ మొదలైంది. అలాంటప్పుడు గుడివాడలో ఇల్లు కాలుతోందన్నా ఎవడూ లేవడు. ఒకడు లేచాడు. సంచి చంకన పెట్టుకుని గేటు వైపు పరిగెత్తాడు.

వీరేంద్ర సోడాబండిని వాడి మీదికే తోశాడు. సీసాల మధ్య సైలెన్సర్ పిస్టల్ దొర్లింది. వేదిక మీద మఫ్టీ పోలీసులు మార్సెల్ చేతులు విరిచి పట్టుకున్నారు.

"ఇంజినీర్ గారు?" వైర్‌లెస్‌లో చీఫ్.

"క్షేమం మేడమ్."

"తనూజ?"

"ఆవిడకి అర్జంటుగా సెక్యూరిటీ కావాలండీ. ఆ అరుపులకి ఫ్రాన్స్ గెలిచేసింది. వాటిని నేర్పినావిడ కోసం గుడివాడంతా వెతుకుతోంది."