కొమ్ము, ఎత్వం

పొద్దున ఏడింటికే గోడ మీంచి పక్కింటాయనకు కూతురి ఉద్యోగం సంగతి మూడోసారి చెబుతున్నాడు నాన్న. ముప్పై ఏళ్లుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి. పని నోరెత్తకుండా చేసేదేగానీ, ఆయన గొంతు మాత్రం వీధి చివరిదాకా అచ్చవుతుంది.

“మెరుగునీటి కేంద్రమండీ! కెమికల్ ఇంజనీరింగ్‌లో గోల్డ్ మెడల్ కదా, ఏరికోరి పిలిచారు. మామూలు నీళ్లకి మెరుగులు పెడతారన్నమాట!”

లోపల జడ అల్లుకుంటున్న కూతురి చెయ్యి ఆగిపోయింది.

“అమ్మా, ఆ ఉద్యోగం ఆర్డరు కాగితం నాన్న సరిగ్గానే చదివాడా?”

అమ్మ తీసి చూసి, “మురుగునీటి శుద్ధి కేంద్రం” అని పైకే చదివేసింది.

లోకం తప్పులన్నీ పట్టే కళ్లు సొంతింటి కాగితంలో కొమ్మును ఎత్వంగా చదువుకున్నాయి.

“మురుగా?” లోపలికి వస్తున్న నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. “పెయింట్ల కంపెనీ రమ్మంటుంటే, కంపెనీ వదిలి కంపులోకి పోతావుటే? మీ క్లాసువాళ్లంతా ఎక్కడ చేరారు?”

“ర్యాంకులన్నీ బ్యాంకులకి పోయాయి నాన్నా. ట్యాంకులు నాకు మిగిలాయి.”

అమ్మ కిసుక్కుమంది. నాన్న నవ్వలేదు. ఇంత మంచి మాటకి ఆయన పోటీకి రాలేదంటే దెబ్బ గట్టిగానే తగిలిందన్నమాట.

“తొమ్మిదింటికల్లా చేరాలి. నువ్వు వద్దంటే వెళ్లను.” కూతురు జడ ముడేసుకుంది. “ఒక్కటి చెప్పు. నువ్వు దిద్దిన పుస్తకాల్లో నీ పేరు ఎక్కడైనా వేశారా?”

“ప్రూఫులు చూసినవాడి పేరు ఎవరేస్తారే, పిచ్చిదానా?”

“మరి కళ్లు పోగొట్టుకుని ఎందుకు చూస్తున్నావు?”

“తప్పులతో జనంలోకి పోకూడదని...”

“నాదీ అదేగా. ఊరంతా వాడి వదిలేసిన నీళ్లు తప్పులతో ఏట్లో కలవకూడదని. ఇదెవరి దగ్గర నేర్చుకున్నాననుకున్నావు?”

నాన్న కళ్లజోడు తీసి తుడవసాగాడు. తడి అద్దాలది కాదని అమ్మకి తెలుసు.

“స్కూటర్ తాళాలేవీ? పిల్లకి ఆలస్యమవుతోంది!” అని అరిచాడు.

కేంద్రం ఇంకా కనబడకముందే వాసన ఎదురొచ్చింది. గేటు దగ్గర నాన్న జేబులోంచి రుమాలు తీశాడు. ముక్కుదాకా తెచ్చి, కూతురి మొహం చూసి, దాంతో ఆమె నుదుటి చెమట తుడిచి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

“జాబితాలో ఈ అమ్మాయి పేరుంది సరే, మీరెవరండీ?” అన్నాడు కాపలాదారు.

“ఇంజనీరుగారి నాన్నని!” అన్నాడాయన, లోపలి మోటార్ల హోరు కూడా వినేలా.