బేరిచెట్టు ఫిర్యాదు

2081 నాటికి కాకినాడ సముద్రపు గోడ వెనక కట్టిన మేడల్లో మాట్లాడని చెట్టు లేదు. పొద్దున్నే బాల్కనీల్లో కరివేప నీళ్లడిగేది, నిమ్మ గాలి చాలలేదనేది. ముప్ఫై ఒకటో అంతస్తులో వకుళ పెంచుతున్న బేరిచెట్టుదీ అదే వరస.

"నాకు దాహంగా ఉంది," అంది ఆ రోజూ.

"ఉండనీ," అంది వకుళ, ఇంకో కొమ్మ ఆకు దూస్తూ.

ఆ గొంతు నిజానికి కాండానికి బిగించిన తరువాణిది. అగ్గిపెట్టెంత యంత్రం. చెట్టులో పుట్టే సన్నని విద్యుత్ సంకేతాలను దాని సెన్సర్ పట్టుకొని తెలుగులోకి మారుస్తుంది. వృక్షసంక్షేమ శాఖ ఇంటింటికీ ఒకటి ఇచ్చింది. అడిగింది చేయడం లేదని చెట్టు మూడుసార్లు ఫిర్యాదు చేస్తే దాన్ని తీసుకుపోయే అధికారం తన దగ్గరే ఉంచుకుంది.

ఏడేళ్లపాటు అది అడిగినవన్నీ వకుళ చేసింది. దాహమంటే నీళ్లు, ఎండంటే తెర. చెట్టు నిగనిగలాడింది గాని ఒక్క పువ్వు పూయలేదు. బేరి పూయాలంటే చలి కావాలి. కాకినాడలో చలికాలమన్నది పోయి చాలా ఏళ్లయింది. అప్పుడు వకుళకు వాళ్లమ్మ మల్లెపాదు గుర్తొచ్చింది. అమ్మ పుష్యంలో నీళ్లు మానేసి, ఆకంతా దూసేసి పాదును ఎండగట్టేది. కొన్నాళ్లకే మొగ్గ కమ్మేసేది. రాని చలికాలాన్ని చేతులతో తెచ్చి చూద్దామనుకుంది వకుళ.

మూడో ఫిర్యాదు వెళ్లిన మర్నాడు, తరువాణిని కనిపెట్టిన శాస్త్రవేత్త ఇందుధరరావే తోపుడుబండితో వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? చెట్టుకి గుండు కొట్టేశారు."

"తలనీలాలిస్తేనన్నా పూస్తుందేమోనని."

"నవ్వులాట కాదండి. అది ఏడుస్తోంది."

"ఈమె నన్ను హింసిస్తోంది," అంది తరువాణి. "నన్ను నీడలోకి మార్చండి."

"విన్నారా?"

"ఏడేళ్లుగా వింటున్నానండి. విని విని గారాబం చేసి చెడగొట్టాను. మూడు వారాలు ఆగండి. పూయకపోతే నేనే కిందికి మోసుకొచ్చి ఇస్తాను."

"రూలు ఒప్పుకోదండి."

"సరే, దీనికి మాటలెవరు నేర్పారు?"

"పన్నెండు వేలమందిని అడిగామండి. ఒక్కో సంకేతం అర్థం చెప్పి, ఈ స్థితిలో మీరుంటే ఏమంటారని."

"అంటే చెట్టునడగలేదు."

"చెట్టునెలా అడుగుతామండి?"

వకుళ తరువాణిని కాండం మీంచి ఊడదీసి, అతను వద్దనేలోపు అతని మణికట్టుకు బిగించింది. అది కాసేపు గరగరలాడింది.

"నాకు దాహంగా ఉంది. నన్ను నీడలోకి మార్చండి. ఈమె నన్ను హింసిస్తోంది."



"బండి ఒకటే తెచ్చారు," అంది వకుళ. "ముందు ఎవర్నెక్కించమంటారు?"

అతను ఫిర్యాదు కొట్టేసి, ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లాడు. తరువాణిని మాత్రం విప్పలేదు. లిఫ్టులో దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఇష్టంగా వింటున్నాడు.

పదో రోజున శాఖ కొత్త తరువాణి పంపింది, ఈసారి మనుషులకు. నోరు తెరిచి చెప్పుకోనక్కర్లేదు, మణికట్టే చెబుతుంది. వారంలోపు మేడలో అందరి చేతికీ అదే. వకుళ తన వంతు డబ్బాను విప్పకుండానే తిప్పి పంపింది.

పందొమ్మిదో రోజు పొద్దున, ఆకులేని కొమ్మల నిండా బేరి తెల్లగా పూసింది. అంతస్తులోని వాళ్లంతా చూడ్డానికొచ్చి చెట్టు చుట్టూ నిలబడ్డారు.

"ఎంత బాగా..." అనబోయింది పక్కింటి మందాకిని.

"నన్ను నీడలోకి మార్చండి," అంది ఆమె మణికట్టు.

మందాకిని చెయ్యి వంక చూసుకుంది. "నిజమే, ఎండగా ఉంది," అంటూ లోపలికి నడిచింది. ఆ వెనకే ఒక్కో చెయ్యీ అదే మాట అంది. నిమిషంలో బాల్కనీ ఖాళీ అయింది.

వకుళకూ దాహంగానే ఉంది. కుంచెతో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దుతూ, చివరి కొమ్మ దాకా ఎండలోనే నిలబడింది.