ఓడిపోయే జట్టుకు టీ

శుక్రవారం పొద్దున్న ప్రేమయ్య పొయ్యి మీద పాలు పెట్టాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. గిన్నెలో పాలు మాత్రం పెళ్లివారి విడిదికి సరిపోయేటట్టున్నాయి.

పక్కగదిలో రూతమ్మ అట్టపెట్టెకి తాడు బిగిస్తోంది. ఆదివారం విమానం. బహ్రెయిన్‌లోని గుదైబియాలో ఈ రెండు గదుల ఫ్లాటులోనే వాళ్ల సంసారమంతా గడిచింది. ప్రేమయ్య సిత్రాలో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేను నడిపేవాడు. ఇక ఈ ఊళ్లో ఉండలేనని రూతమ్మ అంది. అతను మారు మాట్లాడకుండా రాజీనామా ఇచ్చాడు. అతనిది మొదట్నుంచీ అంతే. మాట తక్కువ.

అల్లం దంచిన చప్పుడు విని ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ఇన్ని పాలెందుకండీ?"

"టీకి."

"ఎవరికంట?"

అతను దంచిన అల్లం గిన్నెలో వేశాడు. పెద్ద ఫ్లాస్కు మూత తీసి వేడినీళ్లతో కడుక్కుంటున్నాడు. ఆ ఫ్లాస్కు చూడగానే ఆమెకి అర్థమైంది.

"ఇవాళ కూడా ఎల్తారా ఆ బంతాటకి?"

"ఆయ్."

"ఇవాళ మన వీడ్కోలు ప్రార్థనండీ. మూడున్నరకి, సరిగ్గా మీ ఆట మొదలయ్యే వేళకే. పాస్టరుగారు మనకోసం పెట్టించారు. మీరు లేకపోతే నేనొక్కదాన్నీ ఏం చెప్పుకోను?"

అతను టీపొడి వేసి మంట తగ్గించాడు.

బహ్రెయిన్‌లో తెలుగు క్రైస్తవుల సహవాసం కూడేది శుక్రవారమే. కాలేజీల ఫుట్‌బాల్ ఆటలూ శుక్రవారమే. అందరికీ సెలవు ఆ ఒక్కరోజే కాబట్టి దేవుడైనా, ఆటైనా, నిద్రైనా ఆ మధ్యాహ్నంలోనే సర్దుకోవాలి. వాళ్ల కొడుకు టిమోతి కాలేజీ జట్టులో చేరినప్పటి నుంచీ ఇంట్లో ఇదే తగువు. సహవాసంలో పాట ఎత్తుకునేది రూతమ్మ. పక్కన డోలక్ వాయించేది టిమోతి. వాడు డోలక్ వదిలేసి గోలుకీపరు చేతితొడుగులు తొడుక్కున్నాడు. అదీ రెండో గోలుకీపరు. ఎక్కువసేపు బల్ల మీద కూర్చునేవాడే.

"అమ్మా, ఒక్కసారి వచ్చి చూడవే," అనేవాడు ప్రతివారం, బూట్ల తాడు కట్టుకుంటూ.

"దేవుడి రోజు తీసుకెళ్లి బంతికిస్తావా? నేను రాను."

"సరే, వచ్చే వారం వద్దువులే," అని నవ్వి వెళ్లిపోయేవాడు.

నిరుడు చలికాలం, ప్రాక్టీసు అయ్యాక బస్సు కోసం రోడ్డు దాటుతుంటే పికప్ వచ్చి గుద్దింది. పొగమంచులో కనబడలేదన్నారు. పెట్టెలో ఊరికి తీసుకెళ్లి అక్కడి సమాధుల దొడ్డిలో పెట్టి వచ్చారు. వచ్చిన మొదటి శుక్రవారమే ప్రేమయ్య ఫ్లాస్కు పట్టుకుని గ్రౌండుకి వెళ్లాడు. ఆ రోజు రూతమ్మ అతని మొహం కూడా చూడలేదు. అప్పటి నుంచీ ప్రతి శుక్రవారం అంతే.

తలుపు కొట్టి స్టెల్లా లోపలికి వచ్చింది. ఎదురు ఫ్లాటు. సహవాసంలో ఈ ఇద్దరూ కలిసే పాడతారు.

"రూతమ్మక్కా, ఏ చీర కడతన్నావు? ఫోటోలు తీస్తారంట. పాస్టరుగారు గోడగడియారం కొన్నారులే, మీకిద్దామని. నేను చెప్పానని అనకు." ఆమె వంటగదిలోకి తొంగి చూసింది. "అన్నయ్యగారూ, ఏంటండీ ఈ కాకా హోటలు? రెండు సమోసాలు కూడా వేయించండి, మా ఇంట్లో కూడా చుట్టాలొచ్చారు."

ఎవరూ నవ్వలేదు. స్టెల్లా రూతమ్మ మొహం చూసి సర్దుకుంది.

"పోనీలేక్కా. సూట్‌కేసులో చోటుందా? డోలక్ ఉండిపోయింది హాల్లో. మన టి..." అని ఆగిపోయింది. "మన పిల్లలెవరైనా వాయించుకుంటారులే. ఉండనీ."

రూతమ్మ తాడు ముడి మీద నుంచి చూపెత్తలేదు. ఏడాదిగా ఇదే వరస. ఇంతకుముందు సహవాసంలో అందరికీ ఆమె 'టిమోతి అమ్మగారు'. వాడు పోయాక ఒక్కసారిగా అందరికీ రూతమ్మక్క అయిపోయింది. పేరు వింటే ఆమె ఎక్కడ ఏడుస్తుందోనని వాళ్ల జాలి. మంచివాళ్లే. కానీ ఇంత పెద్ద ఊళ్లో తన బిడ్డ పేరు పైకి పలికే మనిషి ఒక్కడూ లేకుండా పోయాడు. ఇంట్లో ఈయనా పలకడు. ఆమె కూడా పలకదు.

స్టెల్లా వెళ్లాక ఆమె లేచి వంటగదిలోకి వచ్చింది.

"గెలిచే జట్టైనా కాదు కదండీ అది. ఈ ఏడు ఒక్క ఆటైనా గెలిచారా?"

"లేదు."

"నిరుడు?"

"లేదు."

"మరి ఏం చూద్దామని ఎల్తారండీ? కాలేజీ పిల్లలే చూడ్డం మానేశారంట. ఎండలో సిమెంటు మెట్ల మీద కూర్చుని, అరబ్బుల పిల్లలు ఓడిపోతుంటే చూసి, వాళ్లకి టీలు పోసి వస్తారా? ఆ గ్రౌండు నుంచి వస్తుంటేనే కదా నా బిడ్డని..."



"ఇవాళ ఒక్కరోజు నువ్వు కూడా రా," అన్నాడు ప్రేమయ్య.

"నేనా?"

"అక్కడ ప్రతివారం అబద్ధమాడుతున్నాను. ఇవాళ ఆఖరు. ఇవాళ ఆడలేను."

"అబద్ధమేంటి? ఎవరితో?"

అతను ఫ్లాస్కులో టీ పోస్తున్నాడు.  గుండెల్లో ఎంత ఉన్నా ఈ మనిషి పెదవి దాటనివ్వడు. ఏడాదంతా ఇలాగే. వాడి మంచం తీసేసిన రోజు కూడా ఇలాగే నిలబడ్డాడు. రూతమ్మకి ఎక్కడ లేని కోపం వచ్చింది.

"మీకు కన్నీళ్లు లేవండీ. బంతుంది. టీ ఉంది. నేనొక్కదాన్నే కన్నాను వాడిని!"

ఫ్లాస్కు లాక్కుని సింకులో వంపేసింది. గిన్నెలో మిగిలింది కూడా వంపేసింది. అల్లం వాసన, పాల ఆవిరి వంటగదంతా లేచాయి.

ప్రేమయ్య సింకులోకి చూశాడు. తర్వాత ఖాళీ ఫ్లాస్కు తీసుకుని, మూత బిగించి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కిటికీలోంచి ఆమెకి అతను సందు చివర లాండ్రీ దాటుతూ కనిపించాడు. ఫ్లాస్కుని ఒక చేత్తో పొట్టకి ఆనించి పట్టుకున్నాడు, నిండుగా ఉన్నప్పుడు పట్టుకున్నట్టే.

మధ్యాహ్నం ఆమె తెల్లచీర కట్టుకుని తల దువ్వుకుంటుండగా కింద హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఆ తర్వాత మెట్ల మీద పరుగు వినబడింది. స్టెల్లా అప్పుడే ప్రార్థనకి పిలవడానికి వచ్చి గుమ్మంలో ఉంది. ఆమె వెనక అస్కర్‌లోని కూలీల క్యాంపు నుంచి వచ్చే బుల్లబ్బాయి నిలబడ్డాడు. కాకినాడ వైపు మనిషి. ప్రేమయ్యని బాబాయ్ అంటాడు.

"పిన్నీ, బాబాయ్ ఏడీ? కంపెనీ పికప్ అడిగి తెచ్చానండీ. బాబాయ్‌కి ఇదే ఆఖరాట కదా, కుర్రాళ్లందర్నీ ఎక్కించేశాను."

"ముందే ఎల్లిపోయారు."

"టీ?"

రూతమ్మ సింకు వైపు చూసింది.

"టీ లేకుండా ఎలాగండీ? మావోళ్లు ఆట చూసి ఏడవలేక టీ తాగి నవ్వుకుంటారు." అని తలగోక్కున్నాడు. అప్పుడు చూశాడు ఆమె చీర. "అరె, మీరు తయారయ్యారే! వచ్చేస్తన్నారా? అమ్మయ్య! ఈ ఒక్కసారి బాబాయ్ నోట 'వచ్చే వారం' అన్న మాట వినక్కర్లేదు."

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఏంటి బుల్లబ్బాయ్, ఏమన్నావు?"

"బాబాయ్ చెప్పలేదేంటండీ?" అతను స్టెల్లా వైపు చూశాడు, మళ్లీ ఈమె వైపు చూశాడు. "అదేనండీ, పిలుపు. మీవాడు పెట్టిందే. ఓడిపోయి ఓడిపోయి జనం రావడం మానేస్తే, మీవాడు బల్ల మీద నుంచి లేచొచ్చి, వచ్చినోళ్ల పేర్లడిగాడు. ఆట మొదలెట్టే ముందు మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచేవాడు. జట్టంతా చప్పట్లు కొట్టేది. మా సైటులో ఎవర్నైనా రఫీక్ అనే అంటారండీ, పేరుతో పనిలేదు. సూపర్‌వైజరైతే నంబరుతో పిలుస్తాడు. అక్కడ ‘బుల్లబ్బాయ్’ అని కేక. నేను 'ఆయ్' అని లేచి నిలబడేవాణ్ణి. ఊరికే ఒక బన్ను ఇస్తారని మొదట ఎల్లానండీ, నిజం చెప్తున్నాను. తర్వాత ఆ కేక కోసం ఎల్లాను. డ్యూటీ ఉంటే మార్పించుకుని మరీ ఎల్లాను."

"నా సంగతేంటి?"

"అందరికంటే ముందు మిమ్మల్నే పిలిచేవాడండీ. మీరు రాలేదని తెలిసినా సరే. ఎవరూ పలక్కపోతే వాడే నవ్వి, 'వచ్చే వారం' అనేవాడు. వాడు పోయాక కెప్టెను యూసుఫ్ పిలుస్తున్నాడు, అదే వరసలో. మొదట మీరే. మీ తరపున బాబాయ్ లేచి, 'వచ్చే వారం' అంటాడు."

రూతమ్మ దువ్వెన కింద పెట్టింది. సందులో పికప్ ఇంజను ఆడుతోంది. ఎవరో కింద నుంచి, "యల్లా, బుల్లీ!" అని తొందరపెట్టారు.

"ఒక్క నిమిషం ఉండు నాయనా," అంది.

పొయ్యి వెలిగించింది. ఇంట్లో పాలు అయిపోయాయి. స్టెల్లా ఏమీ అడక్కుండా తన ఫ్లాటులోకి వెళ్లి పాలు, చక్కెర, ఆదివారం బడి పిల్లలకి నీళ్లు పట్టే డబ్బా తెచ్చింది. రూతమ్మ అల్లం దంచింది. ముక్కలు ఎగిరి పడుతున్నాయి, కళ్లకి సరిగా కనబడటం లేదు.

"పాస్టరుగారికి నేను చెప్తాలేక్కా," అంది స్టెల్లా మూత బిగిస్తూ. "గడియారమే కదా. ఎప్పుడిచ్చినా నడుస్తుంది."

గ్రౌండులో గడ్డి లేదు. తొక్కి తొక్కి గట్టిపడిన మట్టి. దూరంగా రిఫైనరీ గొట్టం మీద మంట పగటివేళ పల్చగా కనబడుతోంది. మెట్ల మీద బంగ్లా మనుషులు, మలయాళీలు, ఒక పాకిస్తానీ ముసలాయన, నలుగురైదుగురు తెలుగువాళ్లు. ప్రేమయ్య కింది మెట్టు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ ఫ్లాస్కు. రూతమ్మ అతని వెనక మెట్టు మీద ఆగిపోయింది. పిలవలేదు. అతను చూడలేదు.

ఎర్రచొక్కాల కుర్రాళ్లు వరసగా వచ్చి మెట్లకి ఎదురుగా నిలబడ్డారు. సన్నటి గడ్డం ఉన్న పొడుగాటి కుర్రాడు ముందుకొచ్చాడు. యూసుఫ్ అయి ఉంటాడు. ఆమె తన పేరు కోసం చూస్తోంది. అరబ్బుల నోట రూతమ్మ అనే మాట ఎలా వస్తుందో అనుకుంది.

యూసుఫ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేక వేశాడు.

"ఉమ్ టిమోతి!"

ఆమెకి ఆ మాట తెలుసు. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉంది. ఇక్కడివాళ్లు తల్లిని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. ఫలానా వాడి అమ్మ. కూరగాయల బజారులో, ఆస్పత్రిలో ఎన్నిసార్లో విన్నది. కొడుకు దూరమైనా, భూమి మీద లేకపోయినా ఆ పేరు మారదు. తనవాళ్లంతా జాలితో దాచేసిన పేరుని ఈ కుర్రాడు ఏడాదిగా, ప్రతి శుక్రవారం, ఇంత గట్టిగా పిలుస్తున్నాడు.

 ప్రేమయ్య మెల్లగా లేచాడు. నోరు తెరిచాడు. ఇవాళ చెప్పడానికి వచ్చే వారం లేదు.  టోపీ తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని వీపు కదులుతోంది. రూతమ్మకి అర్థమైంది. ఈయన ఏడ్చే చోటు ఇదన్నమాట.

"ఆయ్," అంది ఆమె.

చిన్నగానే అంది. అయినా అందరూ వెనక్కి తిరిగారు. ప్రేమయ్య తిరిగి చూశాడు. తడి మొహం తుడుచుకోవాలని కూడా తోచలేదు అతనికి.

"ఆయ్. వచ్చాను," అంది మళ్లీ, ఈసారి పాట ఎత్తుకునే గొంతుతో.

యూసుఫ్ చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. జట్టంతా చప్పట్లు కొట్టింది. ఆ వెనక "బుల్లబ్బాయ్!" అనగానే పైమెట్టు నుంచి "ఆయ్!" అన్న కేక వచ్చింది. పేర్లు ఒక్కొక్కటే సాగాయి. ఆమె దిగి వచ్చి భర్త పక్కన కూర్చుంది.

"నన్నెందుకు అడగలేదండీ ఇన్నాళ్లూ?"

"అడిగితే రావనుకున్నాను," అన్నాడు. ఖాళీ ఫ్లాస్కు పక్కకి జరిపి, "రానంటే ఆ మాట అక్కడ చెప్పాల్సి వస్తుంది కదా," అన్నాడు.

ఆమె అతని చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. గోలు దగ్గర మొదటి గోలుకీపరు ఉన్నాడు. బయట బల్ల చివర మాత్రం ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా వదిలారు. ఎవరూ అటు జరగడం లేదు. ఆమె ఆట చూడలేదు. ఆ చోటే చూసింది.

ఓడిపోయారు. ఎప్పటిలాగే. ఆట అయ్యాక ఎర్రచొక్కాలు చెమటతో మెట్ల దగ్గరికి వచ్చి వరసగా చేతులు కలిపి, గ్లాసులు పట్టుకున్నారు. అది కూడా టిమోతి పెట్టిన అలవాటేనట. ఓడినప్పుడు తప్పించుకుని పోకూడదు, వచ్చినవాళ్ల కళ్లలోకి చూడాలి అనేవాడట. రూతమ్మ ఒక్కొక్కరికీ టీ పోసింది. యూసుఫ్ గ్లాసు అందుకుంటుంటే వచ్చిన హిందీలో చెప్పింది. "ఆదివారం మేము వెళ్లిపోతున్నాం నాయనా. వచ్చే వారం నుంచి పిలవకండి. పలికేవాళ్లు ఉండరు."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఏడాదంతా మీరు రాలేదు. పిలవడం ఆపామా?"

"నేనున్నాను కదా పిన్నీ," అన్నాడు బుల్లబ్బాయి, ఎంగిలి గ్లాసులు ఏరుతూ. "మీ తరపున నేను పలుకుతాను. నా గొంతు కొంచెం మోటు, అంతే."

"వచ్చే వారం అనకు మరి," అంది ఆమె. "ఉన్నాను అని చెప్పు."

తర్వాతి శుక్రవారం ఊళ్లో దీపాలు పెట్టే వేళ, సమాధుల దొడ్డిలో రూతమ్మ కొడుకు దగ్గర గడ్డి పీకుతోంది. ప్రేమయ్య గోడ పక్కన కూర్చుని చేతి గడియారం చూసుకున్నాడు. అది ఇంకా బహ్రెయిన్ టైములోనే ఉంది. మూడున్నర.  ఆమె వైపు చూశాడంతే.

రూతమ్మ చేతిలో గడ్డి కింద పెట్టింది. మన్నంటిన చేతులు చీరకి తుడుచుకుని లేచి నిలబడింది.

"ఆయ్," అంది.