రాజుకి వన్స్ మోర్

2091లో కూడా తెనాలి జనం మారలేదు. నాటకం హాల్లో ముందు వరుస కోసం కొట్టుకుంటారు. ఘట్టం రుచించిందా, "వన్స్ మోర్!" అని అరుస్తారు. అరిచారంటే మళ్ళీ ఆడి తీరాల్సిందే. మారిందల్లా వేదిక మీద ఆడేవాళ్ళే. వాళ్ళిప్పుడు మనుషులు కారు, జీవపాత్రలు.

జీవపాత్ర అంటే రంగు పూసిన రోబో అనుకునేరు! దానికి సొంత మెదడుంటుంది. తాను నిజంగా రాజునేనని నమ్ముతుంది, మాటలు అప్పటికప్పుడు అదే అల్లుకుంటుంది. కథలో చచ్చిపోతే మాత్రం దాని జ్ఞాపకాలన్నీ చెరిపేస్తారు. మర్నాడు అదే ఒంట్లో కొత్త రాజు కళ్ళు తెరుస్తాడు. జీవపాత్రల్ని కనిపెట్టిన డాక్టర్ సుధేష్ణకి ఈ చెరిపివేత గొంతులో ముల్లయి కూర్చుంది.

ఆ రోజుల్లో ఆడుతున్న నాటకంలో రాజు విజయకేతు కుర్రవాడు. పగబట్టిన అన్న దగ్గరికి కత్తి లేకుండా వెళ్ళి సంధి చేసుకోమని ముసలి మంత్రి శీలనిధి మంచి మనసుతోనే సలహా ఇస్తాడు. రాజు వెళ్తాడు, అన్న చేతిలో చస్తాడు. మంత్రి చావడు కాబట్టి ప్రతి రాజూ అతనికి గుర్తే.

మంత్రికి సలహా మార్చుకునే స్వేచ్ఛ ఇద్దామని సుధేష్ణ నాటకాలాడించే కంట్రాక్టర్ బుల్లెబ్బాయిని బతిమాలింది.

"రాజు బతికితే ఇంక ఏడుపేముంటదమ్మా? ఏడుపు లేందే జనం ఎట్టా వస్తారు?"

"ఒక్క ఆట చూడండి. తెర పడేదాకా అతను బతికుంటే ఆ మెదడు నాకిచ్చెయ్యాలి. చెరపకూడదు."

"సర్లెండి. మీ మాట కాదన్లేను."

ఆట ముందు ఆమె శీలనిధి దగ్గరికెళ్ళింది. ప్రేక్షకుల కుర్చీ చేతుల్లో వాళ్ళ నాడి పట్టే 'భావస్పర్శ' సెన్సర్లున్నాయి. వాటిని మంత్రి మెదడుకి కలిపింది.

"కుర్రాణ్ణి పంపకండి మంత్రిగారూ. ఏమైనా అనుమానం వస్తే హాలు మనసు చూడండి. ప్రాణం పోవాలని ఏ మనిషీ కోరుకోడు."

"చిత్తం తల్లీ," అన్నాడు శీలనిధి.

మధ్యాహ్నం ఆటలో ఆ ఘట్టం వచ్చింది. "వెళ్ళకు నాయనా, కోట తలుపులు మూయించు," అన్నాడు మంత్రి. విజయకేతు ఒప్పుకున్నాడు. మూడో వరుసలో సుధేష్ణ గుండె తేలికపడింది. హాల్లో దగ్గులు మొదలయ్యాయి. ఇద్దరు టీకి లేచారు. అంతలో వెనకనుంచి, ఈసారి రుచించక, "వన్స్ మోర్!" అని ఎవరో అరిచారు. క్షణంలో హాలంతా అందుకుంది.

మళ్ళీ ఆడారు. శీలనిధి హాలు వైపు చాలాసేపు చూశాడు.

"వెళ్ళు నాయనా. ఎంతైనా తోడబుట్టినవాడు," అన్నాడు.

విజయకేతు వెళ్ళాడు. అన్న ఒళ్ళో తలపెట్టి ప్రాణం విడిచాడు. హాలు భోరుమంది, లేచి నిలబడింది, చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

సుధేష్ణ తెర వెనక్కి పరుగెత్తింది.

"ఎందుకు పంపారండీ? చస్తాడని తెలుసుగా!"

"తెలుసమ్మా. అయినా అనుమానం వస్తే హాలు మనసు చూడమన్నారు. చూశాను."

"వాళ్ళ సంగతి నాకెందుకు? నేనయితే వాడు బతకాలనే కోరుకున్నా!"

శీలనిధి తల దించుకున్నాడు. "మూడో వరుసలో మీ కుర్చీ కూడా చూశాను తల్లీ," అన్నాడు మెల్లగా.

సుధేష్ణ తడిసిన చెంపలు తుడుచుకోబోతే అరచేతులు మండాయి. చప్పట్లు కొట్టి కొట్టి ఎర్రగా కందిపోయి ఉన్నాయి.